ఆఫీసు ప్రేమ నవలికను ఆడియోలో వినడం: మీరు తీసేసింది నిశ్శబ్దాన్ని కాదు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మూడు గంటల ఇరవై నిమిషాల నవలిక. ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరి ప్రేమకథ. ఇద్దరి మాటలూ ఒక్క నెరేటరే చదివారు. మీరు దాన్ని 1.75 వేగంతో, ఇంటి పనులు చేసుకుంటూ రెండు రోజుల్లో ముగించారు. కథంతా తెలిసింది గానీ వాళ్లిద్దరూ ఎప్పుడు ప్రేమలో పడ్డారో అంతుబట్టలేదు. మధ్యలో ఏ మాట ఎవరిదో కూడా తప్పిపోయింది. ఇలాంటివి వినడం కంటే చదవడమే మేలా, వినాలంటే ఎలాంటివి ఎంచుకోవాలి అని అడిగారు. ‘నిశ్శబ్దాన్ని తగ్గించు’ అనే మీట కూడా వేసే ఉంచానని చివర్లో మాటవరసకు రాశారు. నా సమాధానంలో సగం ఆ చివరి మాట గురించే.

నేను చాలా ఏళ్లుగా ఆడియో పుస్తకాల తయారీలో ఉన్నాను. గొంతు నాది కాదు, చెవులు నావి. రికార్డు చేసిన ప్రతి అధ్యాయాన్నీ అచ్చు ప్రతి ఎదురుగా పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వినడం, తప్పు దొర్లిన చోట గుర్తు పెట్టి తిరిగి చదివించడం నా పని. ఎన్ని ప్రేమకథలు విన్నానో లెక్క పెట్టుకోలేదు. అందులో ఆఫీసు కథలే ఎక్కువ. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గు గానీ, వాటిని నేను ఇష్టంగానే వింటాను.

ఆఫీసు ప్రేమకథకూ తక్కిన ప్రేమకథలకూ ఒక తేడా ఉంది. ఇందులో ఇద్దరూ రోజంతా మాట్లాడుకుంటూనే ఉంటారు, కానీ మాట్లాడవలసినది మాట్లాడరు. పక్క బల్ల దగ్గర ఇంకొకరు ఉంటారు. తలుపు సగం తెరిచే ఉంటుంది. కాబట్టి మనసులో మాట పని మాటల్లో దాక్కుని వస్తుంది. రచయిత దీన్ని కాగితం మీద రకరకాలుగా చూపించగలరు: ‘ఆమె ఒక క్షణం ఆగింది’ అంటారు, లేదా పేరా విరుస్తారు. ఆడియోలో ఆ పని చేసేది ఆగడమే. నెరేటర్ ఎక్కడ, ఎంతసేపు ఆగారన్నదే అక్కడ కథ.

ఉదాహరణకు నేను అల్లిన నాలుగు మాటలు చూడండి.

“రిపోర్టు ఎప్పటికి ఇస్తారు?”
“సాయంత్రానికి.”
“సాయంత్రం అంటే?”
“మీరు వెళ్లేలోపు.”

రెండో అధ్యాయంలో ఇది వచ్చిందనుకోండి. ఇద్దరికీ పడదు. నాలుగు మాటలూ టపటపా పడిపోతాయి, మధ్యలో ఊపిరి తీసుకునేంత ఖాళీ కూడా ఉండదు. ఎనిమిదో అధ్యాయంలో ఇవే మాటలు, అక్షరం మారకుండా, మళ్లీ వస్తాయి. ఈసారి “సాయంత్రం అంటే?” తర్వాత ఒక ఆగు ఉంటుంది. రెండు సెకన్లు, అంతే. అతడు వాచీ చూడలేదని, ఆమె తల దించలేదని ఆ రెండు సెకన్లలో మనకు తెలిసిపోతుంది. ఆ తర్వాత “మీరు వెళ్లేలోపు” అన్న మాట గొంతు పై భాగం నుంచి కాక ఛాతీ లోపలి నుంచి వస్తుంది. మీరు అడిగిన ‘ఎప్పుడు ప్రేమలో పడ్డారు’ అన్నదానికి జవాబు ఇలాంటి చోటే ఉంటుంది.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. 1.75 వేగంలో రెండు సెకన్ల ఆగు 1.14 సెకన్లు అవుతుంది. అది ఇంకా పరవాలేదు. దాని మీద నిశ్శబ్దాన్ని తగ్గించే మీట వేస్తే యాప్ ఆ ఖాళీని వెతికి మరీ కత్తిరిస్తుంది. రెండో అధ్యాయమూ ఎనిమిదో అధ్యాయమూ ఒకే రకంగా వినబడతాయి. ఆ మీటను కబుర్ల పాడ్‌కాస్టుల కోసం తయారుచేశారు. అక్కడ మనిషి తడుముకుంటూ ఆగుతాడు కాబట్టి తీసేసినా నష్టం లేదు. ప్రేమకథలో ఆగు కూడా ఒక సంభాషణే. మీరు యాప్‌తో తీయించింది అదే.

ఇంకో సంగతి, ఈ రంగం బయట ఉన్నవాళ్లకు అంతగా తెలియనిది. ఆడియో పుస్తకంలో నిశ్శబ్దం ఊరికే ఉండే ఖాళీ కాదు, దాన్ని కూడా తయారుచేస్తాం. రికార్డింగు గదిలో ఎవరూ మాట్లాడనప్పుడు ఉండే సన్నటి చప్పుడును విడిగా రికార్డు చేసి పెట్టుకుంటాం. దాన్ని రూమ్ టోన్ అంటాం. దగ్గు, కుర్చీ కిర్రు, కడుపులో గుడగుడ (భోజనం వేళ దాటితే మైకు దాన్ని తప్పకుండా పట్టుకుంటుంది) తీసేసిన చోటల్లా ఈ ముక్క అతికిస్తాం. అక్కడ పూర్తి శూన్యం పెడితే చెవికి వెంటనే తెలిసిపోతుంది, ఎవరో తీగ లాగేసినట్టు ఉంటుంది. ఆడియో పుస్తకాలు తయారుచేసి అమ్ముకునేందుకు ఉన్న ఏసీఎక్స్ లాంటి వేదికలు దీనికి కొలతలు కూడా పెట్టాయి: మాట స్థాయి సగటున మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెల్స్ మధ్య ఉండాలి, వెనక చప్పుడు మైనస్ 60 డెసిబెల్స్‌కు మించకూడదు. ఒక గంట పుస్తకం పూర్తిగా సిద్ధం కావడానికి చదవడం, సరిచేయడం, తిరిగి వినడం అన్నీ కలిపి సుమారు ఆరు గంటల పని పడుతుంది. ఆ ఆరు గంటల్లో ఆగుల మీద గడిపేది మీరు ఊహించేదానికంటే ఎక్కువ. అందుకే ఆ మీట పేరు వింటే నాకు కాస్త ఒళ్లు మండుతుంది, ఏమీ అనుకోకండి.

వేగం సంగతి వేరు. వేగం పెంచి వినేవాళ్లను నేను తప్పుపట్టను. అపరాధ పరిశోధక నవలలు నేనూ 1.3లో వింటాను. కానీ నవలికకు అది లాభసాటి బేరమేనా అన్నది చూడండి. పోటీలూ పురస్కారాలూ సాధారణంగా 17,500 నుంచి 40,000 పదాల వరకు ఉన్న కథను నవలిక అంటాయి. ఇంగ్లీషు ఆడియో పుస్తకాల్లో గంటకు సుమారు 9,300 పదాలని లెక్క వేసుకుంటారు. ముప్పై వేల పదాల నవలికకు మూడుంబావు గంటలు పడుతుంది. (తెలుగులో పదాలు పొడుగు కాబట్టి అంతే సమయంలో పదాల సంఖ్య తగ్గుతుంది.) మీరు 1.75లో విని మిగుల్చుకున్నది గంటన్నర కూడా లేదు. నవలికలో మనుషులు మారడానికి రచయితకు ఉన్న చోటే తక్కువ. పెద్ద నవలలో ఒక చూపు తప్పిపోయినా రచయిత మరో నాలుగు చూపులు ఇస్తారు. నవలికలో ఒకటే ఇస్తారు. సరిగ్గా అప్పుడే మీరు కుళాయి తిప్పి ఉంటే ఇక అంతే.

పూర్వం క్యాసెట్ల కాలంలో పెద్ద నవలలను కూడా కుదించి రెండు క్యాసెట్లలో, మూడు గంటలకు సరిపెట్టేవారు. ప్రేమకథల్లో అప్పుడు కత్తెర ముందుగా పడేది ఇలాంటి నెమ్మది ఘట్టాల మీదే. ఇవాళ మూడు గంటల నవలిక ఒక్క మాట పోకుండా మన చేతికి వస్తోంది. కత్తెర మళ్లీ మనమే పట్టుకోవడం ఎందుకు?

ఇక ‘ఏ మాట ఎవరిదో తెలియలేదు’ అన్నదాని గురించి. ఇందులో తప్పు మీది కాకపోవచ్చు. ఒక్కరే చదివే పుస్తకంలో స్త్రీ నెరేటర్ పురుషుడి మాటలకు గొంతు మరీ దించి, పురుష నెరేటర్ స్త్రీ మాటలకు గొంతు సన్నం చేసి చదివితే నాటకంలా ఉంటుంది, విసుగు పుడుతుంది. అనుభవం ఉన్నవాళ్లు అలా చేయరు. శ్రుతి కొద్దిగానే మార్చి, నడక మారుస్తారు: ఒకరు మాట చివర తెంపుతారు, ఇంకొకరు సాగదీస్తారు. ఆ తేడా చాలా సన్నం. పరధ్యానంగా, హెచ్చు వేగంలో వింటే అది చెరిగిపోతుంది.

వాక్యం కట్టు కూడా అడ్డు పడుతుంది. ‘అంది’, ‘అన్నాడు’ అన్నవి సాధారణంగా మాట అయిపోయాకే వస్తాయి. పుస్తకంలో అయితే కన్ను వాక్యం చివరకు ముందే పరుగెత్తి చూసి వస్తుంది. చెవికి ఆ వీలు లేదు. మాట విన్నాక, ఆ మాట ఎవరిదో చెబుతారు. ఒకసారి ఒక కొత్త నెరేటర్ ‘నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?’ అన్న మాటను గట్టిగా గద్దించి చదివేశాక చూస్తే, పక్కనే ‘అని గుసగుసగా అడిగింది’ అని ఉంది. మళ్లీ చదివించాం. అధ్యాయం మొత్తం ముందే చదువుకుని, పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని గదిలోకి వెళ్లేవాళ్లకు ఇలా జరగదు.

ఒకే గొంతు మీకు పడకపోతే ఎంచుకోవడానికి వేరే పద్ధతులు ఉన్నాయి. డ్యూయల్ నెరేషన్‌లో నాయిక చెప్పే అధ్యాయాలు ఒకరు, నాయకుడు చెప్పేవి ఇంకొకరు చదువుతారు. అయితే ఆమె అధ్యాయంలో అతడి మాటలు కూడా ఆమే చదువుతుంది. డ్యూయెట్ అంటే ఎవరి అధ్యాయమైనా సరే, అతడి మాట ఎప్పుడూ అతడి గొంతులోనే, ఆమె మాట ఎప్పుడూ ఆమె గొంతులోనే. ఈ రెండు పేర్లూ దగ్గరగా ఉండడంతో చాలామంది ఒకటి అనుకుని ఇంకొకటి కొంటారు. పూర్తి తారాగణంతో, చప్పుళ్లతో, సంగీతంతో వచ్చేవి మూడో రకం. ఆఫీసు కథకు నేను వాటిని సిఫార్సు చేయను. కీబోర్డు టకటక, ఫోను మోత, కాఫీ యంత్రం రొద వెనక నుంచి వస్తుంటే నాకు పనికి వెళ్లినట్టే ఉంటుంది. మీ ఇబ్బంది మాటల గందరగోళమే అయితే డ్యూయెట్ వెతకండి. నాకు మటుకు నేర్పున్న ఒక్క గొంతే ఇష్టం. దాచుకున్న ప్రేమను ఒక మనిషి చెబుతుంటే వినడంలో ఉన్న ఆంతరంగికత ఇద్దరు వంతులవారీగా చదివితే కొంత తగ్గుతుంది.

తెలుగులో విన్నా, తెలుగులోకి అనువాదమైనది విన్నా ఒక్కచోట మాత్రం చెవి నిక్కబొడుచుకుని ఉండండి: ‘మీరు’ ‘నువ్వు’గా మారే చోటు. ఇంగ్లీషు నెరేటర్‌కు ఈ భాగ్యం లేదు. అక్కడ ఇద్దరికీ మొదటి నుంచి చివరి దాకా ఒకటే సర్వనామం, బరువంతా గొంతు మీదే. మనకు ‘గారు’ జారిపోవడం ఒక మెట్టు, ‘మేడమ్’ పోయి పేరు రావడం ఇంకో మెట్టు, ‘నువ్వు’ ఆఖరి మెట్టు. పై నాలుగు మాటల్లో చివరిది ‘నువ్వు వెళ్లేలోపు’ అని మారిస్తే కథ మొత్తం ఇంకో చోటికి వెళ్లిపోతుంది. మంచి నెరేటర్ ఆ మొదటి ‘నువ్వు’ను నొక్కరు, పొరపాటున జారినట్టు పలుకుతారు. వేగంలో రెండు అక్షరాలు ఎంతసేపు నిలుస్తాయి చెప్పండి.

ఈ కథల్లో ఆడియోకు లొంగనిది కూడా ఒకటుంది. అది ఉత్తరప్రత్యుత్తరాలు. ఆఫీసు ప్రేమంటే ఈమెయిళ్లూ చాట్ సందేశాలూ తప్పవు. అచ్చులో వాటిని వేరే అక్షరాల్లో, పెట్టె కట్టి చూపిస్తారు. చూడగానే తెలుస్తుంది. ఆడియోలో ‘ఎవరి నుంచి, ఎవరికి, విషయం, ఉదయం తొమ్మిది గంటల నలభై రెండు నిమిషాలు’ అని ప్రతిసారీ చదవాల్సి వస్తుంది. మొదటిసారి సరదాగా ఉంటుంది, ఏడోసారికి ప్రాణం విసుగెత్తుతుంది. కొందరు రచయితలు ఆడియో కోసం ఈ పేర్లూ వేళలూ తీసేసి, మాటను మాత్రం ఉంచడానికి ఒప్పుకుంటారు. ఇంకొందరు ఒప్పుకోరు. సందేశాల మీదే నడిచే నవలికైతే నిస్సంకోచంగా పుస్తకం తీసుకుని చదవండి.

చదవడం మేలా, వినడం మేలా అన్న పెద్ద ప్రశ్నకు నా దగ్గర చిన్న జవాబే ఉంది. 2019లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే కథలను కొందరికి వినిపించి, వాళ్లతోనే చదివించి మెదడు చిత్రాలు తీశారు. మాటల అర్థాన్ని పట్టుకునే తీరు రెండింటిలోనూ చాలావరకు ఒకటేనని తేలింది. కాబట్టి వినడం తక్కువ రకం చదువేమీ కాదు. తేడా అల్లా వెనక్కి వెళ్లడంలో ఉంది. చదివేటప్పుడు కన్ను మనకు తెలియకుండానే వెనకటి వాక్యానికి వెళ్లి వస్తుంది. వినేటప్పుడు వేలు కదిలించాలి. గిన్నెల నురుగు చేతులతో ఎవరు కదిలిస్తారు? మొదటి నలభై నిమిషాలు మాత్రం ఏ పనీ పెట్టుకోకుండా వినండి, లేదంటే నడుస్తూ వినండి. ఆ రెండు గొంతుల నడకలు చెవికి అలవాటయ్యాక గిన్నెలు తోముకుంటూ విన్నా ఇబ్బంది ఉండదు.

కొనేముందు నమూనా వినడం అందరూ చెప్పేదే. దాన్ని ఎలా వినాలన్నదే నేను చెప్పదలచుకున్నది. నమూనా సాధారణంగా ఐదు నిమిషాలకు మించదు, చాలాసార్లు కథ ఆరంభం నుంచే తీస్తారు. ఆరంభంలో వర్ణన ఉంటుంది, వర్ణనను ఎవరైనా బాగానే చదువుతారు. మీరు సంభాషణ వచ్చేదాకా ఆగండి. ఒకరు అడిగి ఇంకొకరు జవాబిచ్చే చోట, జవాబు చెప్పే మనిషి అడిగింది విన్నట్టు ఉందా? లేక రెండు మాటలూ పక్కపక్కన పేర్చినట్టు ఉన్నాయా? నేను ముందుగా పరీక్షించేది ఇదే. ఉచ్చారణ, గొంతు మాధుర్యం ఆ తర్వాత.

రెండో పరీక్ష పై అధికారి కథలకు సంబంధించింది. ఒకరు ఇంకొకరి జీతం, ప్రమోషన్ నిర్ణయించే స్థానంలో ఉంటే, అచ్చులో సరసంగా కనబడిన మాట గొంతులోకి వచ్చేసరికి బెదిరింపులా ధ్వనించవచ్చు. దాన్ని నెరేటర్ తీపి చేసి చదివితే ఇంకా ఇబ్బంది. ‘ఈ రాత్రి ఆగిపో, పని ఉంది’ అన్న మాటను నేను మూడు పుస్తకాల్లో మూడు రకాలుగా విన్నాను. ఒకదాన్ని మధ్యలో ఆపేశాను. రచయిత ఆమెకు కాదనే చోటు ఇచ్చారా, ఆమె కాదన్నప్పుడు నెరేటర్ గొంతులో నిజంగా ‘కాదు’ ఉందా అన్నది వినండి. అది లేకపోతే ఎంత బాగా రికార్డు చేసినా నాకు ప్రేమకథ కాదు.

కంప్యూటర్ గొంతుతో వచ్చే పుస్తకాల గురించి మీరు అడగలేదు గానీ, వెతికేటప్పుడు తగులుతాయి కాబట్టి చెబుతున్నాను. 2023 జనవరిలో యాపిల్ బుక్స్ ఇలాంటి గొంతులను తెచ్చినప్పుడు ముందుగా కల్పనా సాహిత్యాన్నీ ప్రేమకథలనూ ఎంచుకుంది. నెరేటర్ పేరు ఉండాల్సిన చోట డిజిటల్ గొంతు అని రాసి ఉంటుంది, చూసుకోండి. వాక్యం తప్పు పోకుండా చదువుతాయి. విరామ చిహ్నం ఉన్నచోట ఆగుతాయి. నేను విన్నవాటిలో విరామ చిహ్నం లేని చోట, తలుపు అవతల ఎవరో ఉన్నారన్న భయంతో ఆగినది ఒక్కటీ లేదు. ఆఫీసు కథకు ఆ భయమే ప్రాణం.

సభ్యత్వంతో నెలకొక క్రెడిట్ (ఒక పుస్తకం తీసుకునే వీలు) వచ్చే యాప్ మీదైతే, దాన్ని మూడు గంటల నవలికకు ఖర్చు చేయకండి. సభ్యులకు విడిగా డబ్బు లేకుండా వినిపించే జాబితాలో చిన్న నవలికలు బాగానే దొరుకుతాయి.

మీ దగ్గర ఉన్న పుస్తకాన్ని అప్పుడే తీసెయ్యకండి. మీట ఆపి, వేగం ఒకటికి తెచ్చి, వాళ్లిద్దరూ మొదటిసారి గొడవపడే అధ్యాయం ఒకటి, చివరి నుంచి మూడో అధ్యాయం ఒకటి, వెంటవెంటనే వినండి. అరగంట పని. అప్పటికీ ఆ గొంతులో మార్పేమీ వినబడకపోతే లోపం నెరేటర్‌దే, నిశ్చింతగా వదిలేసి పుస్తకం చదువుకోండి.

ఆఫీసులో వినవచ్చా అని కూడా అడిగారు. వినవచ్చు, కానీ ప్లే నొక్కేముందు ఇయర్‌ఫోన్లు ఫోనుకు కలిశాయో లేదో రెండుసార్లు చూసుకోండి. నేను ఒకసారి చూసుకోలేదు. లిఫ్టులో ఇద్దరూ మొదటిసారి నిజం చెప్పుకునే ఘట్టం, సరిచేసిన ముక్కలు సరిగ్గా అతికాయో లేదో వింటున్నాననుకున్నాను. ఫోను స్పీకరులో గదంతా మోగింది. నేను కంగారుగా ఆపేసరికి నలుగురు పని ఆపి నా వైపే చూస్తున్నారు. లెక్కలు చూసే పెద్దాయన, ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడని మనిషి, కళ్లజోడు తీసి, “అప్పుడే ఆపేశారే, ఆమె ఏమంది?” అన్నారు.